సావిన్ కొవ్వొత్తులు

శుక్రవారం పొద్దున నోరా కీగన్ ఇంటి ముందు జనం బారుగా నిలబడి ఉన్నారు. అప్పుడే వాన కురిసి వెలిసింది. మేపుల్ ఆకులు పచ్చిక మీద తడిసి అతుక్కుపోయాయి. వచ్చినవాళ్ళు వాటిని తొక్కుకుంటూ వెళ్ళి, మెట్ల దగ్గర మడతకుర్చీలో కూర్చున్న అమ్మాయి చేతిలోంచి నంబరు చీటీ తీసుకుని వరసలో చేరుతున్నారు. కొందరు సంచులు తెచ్చుకున్నారు. ఒకాయన పికప్ ట్రక్కే తెచ్చుకున్నాడు.

హంసిక చేతిలో కూడా ఒక చీటీ ఉంది. దాన్ని వేళ్ళ మధ్య సన్నగా చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతోంది.

"నువ్వు రావక్కర్లేదు అన్నాను కదా అమ్మా."

"నాకివాళ మీటింగులేం లేవులే," అంది వసుమతి. ఉన్నాయి. ఒంట్లో బాగాలేదని మేనేజర్‌కి మెసేజ్ పెట్టి వచ్చింది.

నోరా పోయి మూడు వారాలు కావస్తోంది. కొడుకు బ్రెండన్ షికాగో నుంచి వచ్చి, తల్లి కర్మకాండలు ముగించి, ఇల్లు అమ్మకానికి పెట్టాడు. సామాను సంగతి ఒక ఏజెంటుకి అప్పజెప్పాడు. మనిషి పోయాక ఇంట్లో ఉన్నవన్నీ ఉన్నచోటనే ఉంచి, తలుపులు బార్లా తీసి అమ్మేస్తారు ఇక్కడ. ఎస్టేట్ సేల్ అంటారు. తాళాలు సోమవారమే మార్చేశారు. హంసిక ఆ సంగతి తన తాళంచెవితో తలుపు దాకా వెళ్ళి తెలుసుకుంది.

వసుమతి కూతురి మొహంలోకి చూసింది. నిన్నటి నుంచి కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు. ఇరవైమూడేళ్ళ పిల్ల, ఈ ఇంటి ముందు పరాయివాళ్ళ వెనక నిలబడి ఉంది. ఆ మెట్ల మీదే కదూ దీనికి నడక వచ్చింది. ఆ సంగతి కూడా నోరా చెబితేనే తెలిసింది వసుమతికి, సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చి పిల్లని ఎత్తుకున్నప్పుడు.

వాళ్ళ వంతు వచ్చింది. లోపల దీపాలన్నీ వేసి ఉన్నాయి. నోరా బతికుండగా అన్ని దీపాలు ఒకేసారి వేసిన రోజు లేదు. వంటింట్లో ఒకావిడ టీకప్పులు ఒక్కొక్కటీ బోర్లించి అడుగున ముద్ర చూస్తోంది. హాల్లో భార్యాభర్తలిద్దరు సోఫా కొలతలు తీస్తున్నారు. హంసిక ఎవరినీ చూడకుండా, తల వంచుకుని, తిన్నగా బేస్‌మెంట్ మెట్లు దిగింది. చీకట్లో దిగినా తప్పు పడని అడుగులు అవి.

కింద పొడుగాటి చెక్కబల్ల. దాని మీద మైనం కరిగించే జోడు గిన్నెలు, ముక్కు ఉన్న అల్యూమినియం కూజా, గాజు థర్మామీటరు, ఒత్తులు నిటారుగా నిలబెట్టడానికి వాడే బట్టల క్లిప్పులు. గోడవారన నాలుగు అరలు. పై అరలో చలి వదిలే ఫిబ్రవరి పండుగ ఇంబోల్క్‌కి చేసే కొవ్వొత్తులు. వాటికి పాల వాసన, మంచులో పూసే తెల్లపూల వాసన. దాని కింద మే నెల బెల్టనే, ఆగస్టులో తొలి పంట ఇంటికొచ్చే లూనసా. అన్నిటికన్నా కింది అర, వెడల్పయినది, సావిన్‌ది. అక్టోబరు ఆఖరున పంటలు ముగిసి చీకటి కాలం మొదలయ్యే రాత్రి. నోరా పుట్టిన ఐర్లండ్ పల్లెలో ఆ రాత్రి పోయినవాళ్ళు ఇంటికొస్తారని నమ్మకం. ఏడాదంతా అమ్మినవి ఒక ఎత్తు, సావిన్‌వి ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ కింది అర ఖాళీగా ఉంది.

హంసిక వంగి, అర లోపలికంటా చెయ్యి పెట్టి చూసింది. గాజు సీసాల అడుగులు ఆనిన గుండ్రటి మచ్చలు మాత్రం దుమ్ములో ఉన్నాయి.

"ఇక్కడ కాండిల్స్ ఉండాలి," అంది, మెట్ల దగ్గర నిలబడ్డ ఏజెంటుతో. "సెప్టెంబర్‌లో పోశాం. ఆరడానికి పెట్టాం. ఇంకా మూతలు కూడా పెట్టలేదు."

"ఓ, అవా. అవి ఫ్యామిలీ పక్కన పెట్టించుకున్నారు, అమ్మకానికి లేవు." ఏజెంటు ఆమెని ఎగాదిగా చూసింది. మర్యాదగానే అడిగింది. "మీరు ఫ్యామిలీనా?"

హంసిక పెదవులు కదిలాయి. బల్ల మీద చెయ్యి ఆనించి, "కాదు," అంది.

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వసుమతే ఆ మాట అని ఉంటుంది, నవ్వుతూ, కొంచెం గట్టిగానే. స్కూల్లో టీచరు నోరాని చూసి "గ్రాండ్‌మానా?" అంటే, "కాదు కాదు, బేబీసిట్టర్" అని. ఇప్పుడు అదే మాట కూతురి నోట్లోంచి వింది.

ఈలోగా ఎర్ర కోటు వేసుకున్న ఒక పెద్దావిడ అల్యూమినియం కూజా ఎత్తి చూసింది. "మొక్కలకి నీళ్ళు పోయడానికి బావుంటుంది," అంది, పక్కనున్న స్నేహితురాలితో. కూజా ముక్కు చివర ఆరిపోయిన మైనం బొట్టు ఒకటి వేలాడుతోంది. ఆవిడ దాన్ని గోటితో గిల్లి కింద పడేసి, కూజాని చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

హంసిక వంగి ఆ మైనం బొట్టు తీసి జేబులో వేసుకుంది. ఇంకేమీ ముట్టుకోలేదు.

రాత్రి భోజనాల దగ్గర వసుమతి జరిగింది చెప్పింది. శ్యామ్‌సుందర్ పప్పుచారు కలుపుకుంటూ అంతా విన్నాడు.

"ఏం చేస్తం చెప్పు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ సామాను. లీగల్‌గా మనకేం రైట్ ఉంటది?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఓదార్పే ఉంది. "ఆమె మంచి మనిషే, నేను కాదంటలేను. హంసికని మంచిగ చూస్కుంది. మనం గూడ నెలనెలా పే చేసినం గదా."

హంసిక చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"డాడీ, నేను హైస్కూల్‌కి వెళ్ళాక పే చేశారా?"

"అప్పుడెందుకు చేస్తం? అప్పుడు నువ్వే పోయేదానివి గదా."

"ఎగ్జాక్ట్లీ," అంది హంసిక. కంచం సింక్‌లో పెట్టి, చెయ్యి కడుక్కుని, పైకి వెళ్ళిపోయింది.

శ్యామ్‌సుందర్ భార్య వైపు చూశాడు. "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

వసుమతి గిన్నెలు సర్ది పైకి వెళ్ళేసరికి కూతురు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కుర్చీ మీద బూడిదరంగు హూడీ. దాని చేతుల మీద మైనం మరకలు గట్టిపడి ఉన్నాయి. అలవాటుగా లాండ్రీ బుట్టలో వెయ్యబోయింది వసుమతి.

"ఉతకొద్దమ్మా," అంది హంసిక, వెనక్కి తిరక్కుండానే. "ప్లీజ్. అది ఉండనీ."

హూడీని మళ్ళీ కుర్చీ మీద పరిచింది. పరుస్తున్నప్పుడు వాసన వచ్చింది. ఆపిల్, తడిసిన ఆకులు, లవంగం, అన్నిటి కింద ఎక్కడో పొగ. పన్నెండేళ్ళపాటు ప్రతి సాయంత్రం ఈ పిల్ల జుట్టులో ఇంటికి తెచ్చిన వాసన. అప్పట్లో వసుమతి ఇంటికి రాగానే మొదటి పని పిల్లకి తలంటడం. మైనం జిడ్డు పోవాలని అనుకునేది.

శనివారం మధ్యాహ్నం సరుకులు తెస్తానని చెప్పి వసుమతి ఒక్కతే బయల్దేరింది. ఇండియన్ స్టోర్ దాటిపోయి, నోరా ఇంటి వీధిలోకి తిప్పింది. దారంతా బ్రెండన్‌తో ఏం అనాలో కూడబలుక్కుంది. ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్‌లో పడ్డ పెద్ద డిఫెక్ట్ గురించి వాదించాల్సి వచ్చినప్పుడు ఎలా కూడబలుక్కుంటుందో అలా.

సేల్ ముగిసింది. గరాజ్ తలుపు సగం పైకి ఎత్తి ఉంది. లోపల యాభై దాటిన మనిషి, భారీ మనిషి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా అట్టపెట్టెలు. చేతిలో మూత లేని గాజు సీసా. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, దించి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. చుబుకం అచ్చం నోరాదే.

"సేల్ అయిపోయిందండీ," అన్నాడు ఇంగ్లీషులో.

"కొనడానికి రాలేదు. నా పేరు వసుమతి. హంసిక వాళ్ళమ్మని."

ఆయన లేచాడు. చేతులు జీన్స్‌కి తుడుచుకున్నాడు. "తెలుసు. ఫ్రిజ్ మీద ఫొటోల్లో చూశాను. మా అమ్మ ఫ్రిజ్ నిండా మీ పాపే."

కూర్చోమని చెప్పడానికి అక్కడ ఇంకో బకెట్టు కూడా లేదు. వసుమతి నిలబడే, తెచ్చుకున్న మాటలన్నీ చెప్పేసింది. ఈ కొవ్వొత్తులు తన కూతురు పోసినవి. మీ అమ్మగారి చేతులు వణకడం మొదలైన దగ్గర్నుంచి కూజా పట్టుకుంది ఆ పిల్లే. మీ అమ్మగారితో అది చేసిన ఆఖరి పని ఇది. నిన్న ఆ పిల్ల చీటీ పట్టుకుని వరసలో నిలబడింది. ఫ్యామిలీవా అని అడిగితే కాదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఒక్క మాట చెప్పి ఉంటే...

మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు బ్రెండన్.

"చెప్పాల్సింది," అన్నాడు. "మర్చిపోయి కాదు. కావాలనే చెప్పలేదు."

వసుమతి ఈ జవాబుకి సిద్ధపడి రాలేదు.

"మాకు ఒక కూతురు ఉంది. మేవ్. దాని బాప్టిజంకి అమ్మ రావాలి. టికెట్టు కొన్నాం. తెల్ల ఉన్నితో గౌను అల్లింది. బయల్దేరాల్సిన రోజు పొద్దున ఫోన్ చేసింది. ఇక్కడ చిన్నదానికి బాగా జ్వరంగా ఉంది, వాళ్ళమ్మకి సెలవు దొరకలేదు, నేను వదిలి రాలేను అంది." సీసా అంచు మీద బొటనవేలు తిప్పుతున్నాడు. "గౌను పోస్టులో వచ్చింది. బాప్టిజం అయిపోయిన తర్వాత వచ్చింది."

వసుమతికి ఆ వారం గుర్తొచ్చింది. ఆఫీస్‌లో ప్రాజెక్టు గో-లైవ్. అంతకు ముందు వారమే పక్క టీమ్‌లో సగం మందిని తీసేశారు. తన వీసా కాగితాలు కంపెనీ చేతుల్లో ఉన్నాయి. పొద్దున్నే ఐదేళ్ళ పిల్లని దుప్పటిలో చుట్టి తెస్తే, నోరా తలుపు తీసి, చేతుల్లోకి తీసుకుంది. 'మీకు ఇవాళ వేరే పనులేమైనా...' అని తను అడిగింది. 'నాకేం పనులుంటాయి, నువ్వు వెళ్ళు' అంది. గుమ్మం పక్కన చిన్న సూట్‌కేసు ఒకటి నిలబెట్టి ఉంది. వసుమతి దాన్ని చూసింది. చూసి కూడా అడగలేదు.

"ఆ పిల్ల మా హంసికే," అంది.

"అవును. తెలుసు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "నేను ఫోన్‌లో అరవలేదు. నీ ఇష్టం అన్నాను, అంతే. తర్వాత చాలా ఏళ్ళు మా మధ్య మాటలు అలాగే నడిచాయి. ఏడాదికోసారి వచ్చేది. వచ్చిన మర్నాటి నుంచే తిరుగు ప్రయాణం మాట. సోమవారానికి పిల్ల వస్తుంది అనేది. మా మేవ్ కూడా పిల్లే కదా అని నేను అన్లేదు. అనాల్సింది."

వీధిలో ఎవరో ఆకులు ఊడ్చే మెషిన్ వేశారు. ఆ రొద తగ్గాక బ్రెండన్ మళ్ళీ అందుకున్నాడు.

"అంత్యక్రియల్లో అందరూ ఒకటే మాట, నోరా వాసన, నోరా ఇంటి వాసన అని. ఇదిగో, నిన్నట్నుంచి చూస్తున్నాను." సీసా ఎత్తి చూపించాడు. "నాకు ఈ వాసన తెలీదు. మా నాన్న బతికున్నంత కాలం ఐర్లండ్ ముచ్చట్లు ఇంట్లో రానిచ్చేవాడు కాదు. ఈ పండుగలు, కొవ్వొత్తులు, ఇవన్నీ నేను వెళ్ళిపోయాక మొదలుపెట్టింది. మా చిన్నప్పుడు ఈ ఇల్లు సబ్బు వాసన వేసేది. వీటిని మేవ్‌కి తీసుకెళ్దామనుకున్నాను. నాకు లేకపోయినా, దానికైనా నానమ్మ అంటే ఫలానా వాసన అని ఒకటి ఉంటుందని." ఆగి, పెట్టెల వైపు చెయ్యి చూపించాడు. "కానీ మీరన్నది న్యాయమే. రేపు పొద్దున బయల్దేరతాను. మీ అమ్మాయిని రమ్మనండి. సగం తీసుకోమనండి."

వసుమతి అడగడానికి వచ్చింది దొరికింది. థాంక్స్ చెప్పింది. కార్‌లో కూర్చుని తాళం తిప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ సూట్‌కేసు నీలం రంగుది. పిడికి ఆకుపచ్చ రిబ్బను కట్టి ఉంది.

ఆదివారం పొద్దున తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి బ్రెండన్ పెట్టెలు కారెక్కించబోతున్నాడు. దారిలో వసుమతి 'కూతురు మేవ్ కోసం ఉంచుకున్నాడట, సగం ఇస్తానన్నాడు' అని మాత్రం చెప్పింది. మిగతాది నోట్లోంచి రాలేదు.

హంసిక పలకరింపుగా తల ఊపి, పెట్టె మూత తెరిచి చూసి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇలా ప్యాక్ చేశారేంటి? న్యూస్‌పేపర్ ఇంక్ అంతా వ్యాక్స్‌కి అంటుకుంటుంది. గ్లాస్‌కి గ్లాస్ తగులుతోంది. షికాగో దాకా వెళ్ళవు ఇవి."

"నాకు తెలీలేదు," అన్నాడాయన.

హంసిక సీసాలన్నీ బయటికి తీసి గరాజ్ నేల మీద వరసగా పెట్టింది. కొన్నిటిలో ఒత్తి చుట్టూ మైనం కుంగి గుంట పడింది. గరాజ్‌లో మిగిలిన వేడిగాలి గన్ను వెతికి పట్టుకుని, ఒక్కోదాని మీద తిప్పింది. పైపొర కరిగి, నీళ్ళలా మెరిసి, నున్నగా సర్దుకుంది. ఆ వెచ్చదనానికి వాసన లేచి గరాజ్ నిండా కమ్ముకుంది. బ్రెండన్ ఒక అడుగు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నాడు.

మూతలు వసుమతి అందించింది. ఎక్కడున్నాయో ఏది దేనికో కూతురు వేలితో చూపించడం, తను అందించడం. హంసిక కత్తెరతో ఒత్తులు కురచగా కత్తిరించి, మూత తిప్పి, లేబుల్ అంటించి, బొటనవేలితో అంచులు రుద్దుతోంది. ఆ రుద్దడంలో నోరా ఉంది. మణికట్టు కొంచెం బయటికి వంచి, నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని. తన కూతురి చేతుల్లో తనవి ఏం ఉన్నాయా అని వసుమతి వెతుక్కుంది.

బ్రెండన్ ఒక సీసా తీసుకుని లేబుల్ చదివాడు. "సామ్‌హెయిన్."

"సావిన్," అంది హంసిక. "స్పెల్లింగ్ అంతే, పలకడం సావిన్. మొదటిసారి వెలిగించినప్పుడు పైన మొత్తం కరిగి అంచుల దాకా వచ్చేవరకూ ఆర్పకండి. లేకపోతే మధ్యలో గుంట పడి అలాగే దిగిపోతుంది. ఆ రోజు చీకటి పడగానే కిటికీలో పెట్టాలి. వీధి వైపు కిటికీలో."

"ఎందుకు?"

"పోయినవాళ్ళు ఇంటికి దారి చూసుకుంటూ వస్తారని."

ఆయన గరాజ్ లోపలి తలుపులోంచి వంటింటి వైపు చూశాడు. బల్ల లేదు, కుర్చీలు లేవు. గోడ మీద గడియారం ఉన్నచోట తెల్లటి గుండ్రం.

"ఏ ఇంటికి?" అన్నాడు.

హంసిక చేతిలో ఉన్న లేబుల్ అంటించడం ఆపింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగి, నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోవడం వసుమతి చూసింది.

"మీరు ఎక్కడ పెడితే ఆ ఇంటికి," అంది.

తర్వాత అట్టముక్కలు కోసి సీసాల మధ్య అడ్డుగా పెట్టి, అన్నిటినీ మళ్ళీ పెట్టెల్లో సర్దింది. టేపు వేసింది. ఒక్కో పెట్టె తనే మోసి ఆయన కారు వెనక భాగంలో కదలకుండా పేర్చింది. ఆఖరి పెట్టె ఎత్తబోతుంటే బ్రెండన్ అడ్డం వచ్చాడు.

"సగం నీవి. మీ అమ్మగారికి చెప్పాను."

"నాకు ఈ వాసన తెలుసు," అంది హంసిక. "మేవ్‌కి తెలీదు."

వసుమతి నోరు తెరవబోయింది. కనీసం ఒక్కటైనా తీసుకోవే అనాలనిపించింది. కూతురు పెట్టెని రెండు చేతులా పట్టుకున్న తీరు చూసి ఊరుకుంది.

బ్రెండన్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. "దానికి నువ్వు ఫోన్‌లో చెబుతావా? ఎలా వెలిగించాలో. నేను సరిగ్గా చెప్పలేను."

"చెబుతాను," అంది హంసిక. నంబరు ఇచ్చింది. ఆయన చెయ్యి చాచితే కరచాలనం చేసింది. కారు వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది.

ఇంటికి వచ్చేటప్పుడు హంసిక డ్రైవ్ చేస్తోంది. రూట్ ఫార్టీసిక్స్ మీద ఆదివారపు ట్రాఫిక్.

"నిన్న నువ్వు వచ్చి అడిగావా అమ్మా ఆయన్ని?"

"ఆఁ."

"ఏమన్నారు?"

వసుమతి చెప్పింది. బాప్టిజం, జ్వరం, పోస్టులో వెళ్ళిన గౌను. గుమ్మం పక్కన సూట్‌కేసు చూసి కూడా అడగలేదని కూడా చెప్పింది. చెప్పడం పూర్తయ్యేసరికి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నారు.

హంసిక స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ముందుకు చూస్తోంది.

"ఆ రోజు నాకు గుర్తుంది," అంది. "నువ్వు వచ్చావు, ఈవినింగ్. కోట్ కూడా విప్పలేదు. నేను నోరా ఒళ్ళో ఉన్నాను. నిద్రపోయింది, లేపకు అని చెప్పింది నోరా. నువ్వు డోర్ దగ్గర నుంచున్నావు. నేను నిద్రపోలేదమ్మా. ఆక్టింగ్. కళ్ళు తెరిస్తే నువ్వు తీసుకెళ్ళిపోతావని."

ఆకుపచ్చ దీపం పడింది. వెనక కారు హారన్ కొట్టింది.

"తెలుసు నాన్నా," అంది వసుమతి. "రెప్పలు కదులుతూనే ఉన్నాయి."

హంసిక కారు ముందుకు పోనిచ్చి, కనపడిన మొదటి పార్కింగ్ లాట్‌లోకి తిప్పి ఆపింది. ఏదో మూసేసిన టైర్ల దుకాణం.

"తెలిసి కూడా వెళ్ళిపోయావా?"

"దుప్పటి సర్ది వచ్చేశాను. నీకు అక్కడ హాయిగా ఉంది కదా. కార్‌లో చాలాసేపు కూర్చున్నాను, మళ్ళీ లోపలికొచ్చి నిన్ను లేపేద్దామా అని."

నోరా పోయిన రోజు ఏడవలేదు హంసిక. అంత్యక్రియల్లో వెనక వరసలో కూర్చున్నప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు నుదురు స్టీరింగ్‌కి ఆనించి, చిన్నపిల్లలా వెక్కుతూ మొదలుపెట్టింది. వసుమతి సీటు బెల్టు విప్పుకుంది. ఈ పిల్లని ఏడ్చేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో, వీపు నిమరాలో తల నిమరాలో, తనకి తెలియదని తెలిసింది. మధ్యలో గాల్లో ఆగిన చేతిని హంసికే లాక్కుని, ఆ భుజంలో మొహం దాచుకుంది.

గేర్ రాడ్ పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. వసుమతి కదల్లేదు.